మధ్య బండిలో అత్తయ్యగారు

ఎడమ అద్దంలో బోటు ముక్కు మళ్ళీ తొంగిచూసింది. పుష్పలత ఊపిరి బిగబట్టింది. ఆ ముక్కు ఓ క్షణం ఆగి, పొరపాటున పరాయివాళ్ళ పడగ్గదిలోకి చూసిన చుట్టంలా సిగ్గుపడి, ఇల్లుబండి చాటుకి తప్పుకుంది. ఈపాటికి కుడివైపు తేలి ఉంటుంది. అది ఆమెకి కనిపించదు, కుడి అద్దం జీపు తోలుతున్న మొగుడు శ్యామ్ బాబుది, ఆయన అందులోకి చూడడు. అంబాజీపేటలో బయల్దేరినప్పుడు బోటు ఏ అద్దంలోనూ లేదు. ముందు జీపు, జీపుకి తగిలించిన ఇల్లుబండి, ఇల్లుబండికి తగిలించిన రెండు చక్రాల ట్రైలర్ మీద బోటు, మూడూ వరసగా బడికెళ్ళే పిల్లల్లా నడిచాయి. వెనకాల రావలసింది బుద్ధిగా వెనకాలే వస్తే అద్దంలో కనిపించదు. బండారులంక దాటాక కనిపించడం మొదలైంది. అమలాపురం దాటాక ఎక్కువైంది. జీపుకీ బోటుకీ మధ్యనున్న ఇల్లుబండిలో, కొత్త దుప్పటి పరిచిన మంచం మీద, అత్తగారు దీవెనమ్మ పడుకుని ఉంది. తలుపు గడియ సరిగ్గా పడదని బయటినుంచి నైలాను తాడేసి కట్టారు. ఆవిడ ఫోను ఇక్కడ, పుష్పలత ఒళ్ళో, జీపులో ఛార్జింగు పెట్టుకుంటూ చల్లగా ఉంది.

పడుకోమన్నది పుష్పలతే. ఆ సంగతి బుర్రలో ఈగలా తిరుగుతోంది, తోలినా పోవడంలేదు. ముందు సీట్లో దీవెనమ్మ ఉంటే ప్రయాణం ఎలా సాగుతుందో పెళ్ళయినప్పట్నుంచీ తెలుసు. అదిగో గేదె, అదిగో గుంట, ఆ ఆటోవాడు అలా మీదికొస్తాడేంటి, మీ మావయ్యగారుంటే ఈపాటికి హారను కొట్టేవారు, అమ్మాయ్ కిటికీ దించు, అమ్మాయ్ దుమ్మొస్తోంది ఎత్తు. ఒక్క గంట, అంతకంటే అడగలేదు, ఒక్క గంట మొగుడి పక్కన నోరు మూసుకుని కూర్చుని, కాలవ గట్టు మీద కొబ్బరిచెట్లు వెనక్కి పోతుంటే చూసుకుందామనుకుంది. అందుకని పొద్దున్నే వెళ్ళి మంచం దులిపి, దుప్పటి పరిచి, దిండు మీద దిండు వేసి, “ఇంత మంచి పక్క ఉండగా మీరు కూచోడమేంటండీ అత్తయ్యగారూ, నడుం వాల్చండి, దిండి వచ్చేక లేపుతాను” అంది. ఆవిడ మారుమాట లేకుండా ఎక్కి పడుకుంది. ఏ పెళ్ళి భోజనానికైనా మూడుసార్లు పిలిపించుకుని గానీ లేవని మనిషి మొదటి పిలుపుకే ఎలా ఎక్కిందో అప్పుడే అనుమానించాల్సింది. ఆనందంలో అనుమానం రాలేదు. ఇప్పుడు ఆ బండి గోడలు కళ్ళముందుకొస్తున్నాయి. పలచటి రేకు, మధ్యలో థర్మోకోలు, మళ్ళీ పలచటి రేకు. బిస్కెట్ల డబ్బా ఇంతకంటే గట్టిగా ఉంటుంది. ఆ డబ్బా కాలవలోకి దొర్లితే, తలుపు తాడు విప్పడానికి ఎవరు దిగుతారు, ఎంతసేపు పడుతుంది. ఆ వెనకే, రావద్దన్నా వినకుండా, చర్చి ఆవరణ, తెల్లచీరల ఆడవాళ్ళు, గుసగుసలు: లోపల పడుకోబెట్టింది కోడలేనటమ్మా. తలుపు కూడా కట్టేరట. ఆ రోజుకి తను ఏ చీర కట్టుకుంటుందో కూడా మనసు వెతకబోతుంటే పుష్పలత తన తొడ మీద తనే గిల్లుకుంది.

ఇదంతా శ్యామ్ బాబు కల. ఇన్సూరెన్సు ఆఫీసులో ముందుగా రిటైర్మెంటు తీసుకున్నాక ఆయనకి పగలు నిద్ర అలవాటు కాలేదు, దాని బదులు వీడియోలు అలవాటయ్యాయి. ఎవరో తెల్లవాళ్ళు బండి వెనక ఇల్లు కట్టుకుని, ఇంటి వెనక పడవ కట్టుకుని, పైన్ చెట్ల మధ్యనుంచి నవ్వుకుంటూ పోతుంటారు. మనకీ గోదావరుంది, మనకీ చెట్లున్నాయి, దిండిలో గోదావరి చూడ్డానికి వచ్చే జనానికి గదులు చాలడంలేదు, ఇల్లుబండి ఒడ్డున పెట్టి బోటు నీళ్ళలో వదిలేమంటే, పుష్పా, మనం ఇక వెనక్కి చూడక్కర్లేదు అన్నాడు. వెనక్కి చూడకపోవడం అప్పట్నుంచే మొదలైందన్నమాట. ఆ వీడియోలు ఆమె కూడా చూసింది, బియ్యండబ్బాకి ఫోను ఆనించి చింతపండు గింజలు తీస్తూ. ఆయనకీ ఆమెకీ తేడా ఏమిటంటే, బండి కదిలే దగ్గర ఆయన చూస్తాడు, మనిషి మాట్లాడే దగ్గర ముందుకి జరిపేస్తాడు. ఆమె చేతులకి చింతపండు అంటి ఉండేది గనుక జరపడానికి వీల్లేక మొత్తం వినేది. టోపీ పెట్టుకున్న ఒకాయన బొమ్మ కారుకి బొమ్మ బండి కట్టి, బరువు ముందుంటే చూడండి, వెనకుంటే చూడండి అని చూపించాడు. బరువు వెనక్కి పెట్టినప్పుడు బొమ్మ బండి తోక ఊపడం మొదలెట్టి, ఊపు పెరిగి పెరిగి, బొమ్మ కారుని కూడా తిప్పి బల్ల మీంచి కింద పడేసింది. ఆయన దాన్ని తీసి నవ్వుతూ మళ్ళీ బల్ల మీద పెట్టాడు. పుష్పలత కూడా అప్పుడు నవ్వింది. బల్ల కింద గోదావరి లేదు మరి.

ముక్కు మళ్ళీ వచ్చింది. ఈసారి ముక్కుతోపాటు మెడ కూడా. తెలుపు మీద నీలం గీత, దాని మీద ఎర్రరంగుతో సగం రాయించిన పేరు. రోడ్డు మీద పడవ కనిపించడం మంచికి కాదని ఆమెకి చిన్నప్పట్నుంచీ ఒంట్లో ఉండిపోయింది. ఇక్కడివాళ్ళెవరికైనా అంతే. గోదావరి పొంగి లంకలు మునిగినప్పుడు రోడ్డు మీదికి పడవ వచ్చేది, అందులో మంచం, మేకలు, బియ్యం మూట, మూట మీద ఏడవడం మర్చిపోయిన పిల్ల. తొంభైయ్యారు తుఫాను పోయిన మర్నాడు చూసిన పడవైతే నీళ్ళు కూడా లేకుండా ఉంది. ఆమె అప్పుడు డిగ్రీ చదువుతోంది. తలలు తెగిన కొబ్బరిచెట్ల మధ్య, రోడ్డుకి అడ్డంగా, ఎవరో తెచ్చి జాగ్రత్తగా పెట్టినట్టు, తాడు కూడా చుట్టే ఉంది. అందరూ దాన్ని చుట్టి వెళ్ళారు, ఎవరూ ముట్టుకోలేదు, అందులోవాళ్ళెక్కడని ఎవరూ అడగలేదు. ఆ పడవ గురించి ఆమె శ్యామ్ బాబుకి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే అయ్యో అనేవాడు, అని వీడియో చూసుకునేవాడు. ఇప్పుడు ఆమె వెనకాల రోడ్డు మీద పడవ ఉంది, అడ్డం తిరగడానికి చూస్తోంది, అందులోవాళ్ళెక్కడంటే దాని ముందు డబ్బాలో ఉన్నారు, దుప్పటి కప్పుకుని.

బరువు వెనక ఉంటే. ఆ మాట చింతపండు వాసనతో సహా గుర్తొచ్చింది. బోటు వెనక ఏముందో కూడా ఆ వెంటనే గుర్తొచ్చింది. కొబ్బరికాయలు. బండి ఇన్నాళ్ళూ ఆడపడుచు జాస్మిన్ వాళ్ళ కొబ్బరి కమతంలోనే పెట్టారు. బయల్దేరేటప్పుడు జాస్మిన్ బోటులోకి తొంగిచూసి నొచ్చుకుంది. “ఉత్త బోటు ఎలా పంపుతాం వదినా, చూసినవాళ్ళు ఏమనుకుంటారు” అంది. బంగాళాదుంపలు కొనుక్కెళ్తూ దారిలో ఆగినవాడి సంచిలో కూడా నాలుగు కాయలు పడెయ్యకుండా పంపరు ఆ ఇంట్లో. బస్తాలు వచ్చాయి. ఎక్కడ పెట్టాలన్న దగ్గర జాస్మిన్ మొగుడు ప్రభాకరరావు అన్నయ్యగారు లుంగీ పైకి కట్టి నాయకత్వం తీసుకున్నాడు. “వెనక పెట్టండ్రా, ఇంజను బిగించేచోట. నీళ్ళలో బోటుకి ముక్కు లేవాలి బావా. ముక్కు లేస్తే పరిగెడుద్ది, ముక్కు దిగితే మునుగుద్ది.” అక్కడున్న ప్రతివాడూ ఆయ్ అన్నాడు. అనరా మరి. రేవు దాటడానికి నాటుపడవ ఎక్కినప్పుడల్లా ఎనక్కి జరగండమ్మా ఎనక్కి అని తిట్లు తిని పెరిగినవాళ్ళే అందరూ. అందరికీ పడవ తెలుసు. అది పడవే అనుకున్నారు, అది ఇవాళ బండి అని ఎవరికీ తోచలేదు. పుష్పలతకి కూడా తోచలేదు, ఆమె కూడా ఆయ్ అంది, అని కాఫీ తాగింది. ఎప్పుడో నాన్న సైకిలు వెనక కారేజీ మీద కొబ్బరి గెలలు కట్టుకున్నప్పుడు ముందు చక్రం తేలిపోయి హేండిలు వణికేది. “హేండిలు మాట వినడంలేదమ్మా, నువ్వొచ్చి ముందు కూచో” అనేవాడు నాన్న. ఆమె వచ్చి ముందు గొట్టం మీద కూచుంటే సైకిలు వెంటనే మంచిదైపోయేది. తన బరువు వల్ల ప్రపంచం కుదుటపడ్డ సందర్భం ఆ తర్వాత మళ్ళీ రాలేదు. అంత తెలిసిన పిల్ల, ఫిజిక్సు చదివిన పిల్ల, కాఫీ తాగింది.

“ఏవండీ.”

“ఊఁ.”

“బోటు ఊగుతోందండీ.”

“బోటన్నాక ఊగదా?”

“అది నీళ్ళలోనండీ.”

శ్యామ్ బాబు ముక్కుతో ఏదో కీర్తన అందుకున్నాడు. పుష్పలత మెల్లిగా తల తిప్పి చూసింది. ఆయనకి పాట రాదు. ఆసుపత్రిలో కాన్పు గది బయట ఒకసారి, రాజమండ్రిలో డాక్టరు స్కానింగు కాగితం వెలుగుకి పెట్టి చూస్తున్నప్పుడు ఒకసారి, ఆయన ముక్కుతో కీర్తన పాడటం ఆమె విన్నది. స్టీరింగు మీద వేళ్ళ కణుపులు తెల్లగా ఉన్నాయి. అంటే ఈయనకి తెలుసు. ఎప్పట్నుంచి తెలుసు? ఆయన భయపడటం లేదన్నదొక్కటే ఇంతవరకూ ఆమెకున్న ధైర్యం, అది కాస్తా కిటికీలోంచి బయటికి పోయింది. ఆపండి అందామనుకుంది. ఎక్కడ? ఎడమ పక్క కాలవ, కుడి పక్క ఎదురొచ్చే బళ్ళు, వెనకాల హారను మీంచి చెయ్యి తియ్యని బస్సు. వెనక్కి తిప్పడమన్నది లేనే లేదు. జీపు వెనక్కి వెళితే ఇల్లుబండి ఒక వైపు మడుస్తుంది, బోటు ఇంకో వైపు మడుస్తుంది. పొద్దున్న కమతంలో ఒక్క బారెడు వెనక్కి తీసుకోబోతేనే మూడూ కలిసి ముగ్గు వేశాయి. ఒకసారి బయల్దేరితే ముందుకి పోవడమే గానీ వేరే దారిలేని సంసారం అది. బ్రేకు కూడా అంతే. అమలాపురంలో కుక్క అడ్డమొచ్చి తొక్కితే బోటు వెళ్ళి ఇల్లుబండిని తోసింది, ఇల్లుబండి వచ్చి జీపుని తోసింది, లోపల మంచం మీద మనిషి ఏమైందో తెలియదు. ఆగి అడుగుదామంటే ఆయన, పడుకుని ఉంటుందిలే, లేపడమెందుకు అన్నాడు. ఆయన మాట నమ్మడం అప్పుడు సుఖంగా అనిపించింది.

కూడలిలో కానిస్టేబులు చెయ్యి ఎత్తాడు. ఖాకీ చొక్కాని చూసి అంత ఆనందం ఆమెకి పుట్టి బుద్ధెరిగాక కలగలేదు. శ్యామ్ బాబు మెల్లిగా, మెల్లిగా, గర్భిణీస్త్రీని నడిపించినట్టు ఆపాడు. కానిస్టేబులు బళ్ళ పొడుగునా చివరిదాకా నడిచివెళ్ళి, చివర్నుంచి మొదటిదాకా నడిచివచ్చాడు. ఆపేస్తాడు, ఇక్కడే విప్పించేస్తాడు, దేవుడా నీకు స్తోత్రం, అనుకుంటోంది పుష్పలత.

“ఏంటండీ మాస్టారూ, రైలా?” అన్నాడు నవ్వుతూ.

“టూరిజమండీ” అన్నాడు శ్యామ్ బాబు.

“లోపలెవరైనా ఉన్నారేంటండీ?”

“సామానండీ.”

పుష్పలత నోరు తెరిచింది. తెరిచిన నోట్లో మాట తయారుగానే ఉంది. కానీ ఆ మాట బయటికొచ్చాక ఎలా వినపడుతుందో అప్పుడే చెవిలో వినపడింది. అయ్యా, లోపల ముసలావిడ ఉన్నారు, తలుపుకి బయటినుంచి తాడు కట్టాం, ఆవిడ ఫోను నా ఒళ్ళో ఉంది. ఏ పోలీసైనా ఏమనుకుంటాడు? తెరిచిన నోరుని నవ్వుగా మార్చుకోవడం ఆడవాళ్ళకి చెయ్యి తిరిగిన విద్య. నవ్వింది. అతను ఫోను తీసి బోటుతో, జీపుతో, ఆమె నవ్వుతో కలిపి ఫోటో తీసుకుని, “మా పిల్లలకి చూపిస్తానండీ. జాగరత్తండీ, వంతెన మీద గాలుంది” అని దారిచ్చాడు. ఆ నవ్వు మొహం మీంచి తీసెయ్యడానికి ఆమెకి చాలా దూరం పట్టింది. సామానట. ఆయన్ని కన్న సామాను, కన్నప్పట్నుంచీ పెంచిన సామాను. తను మాత్రం? నవ్వింది కదా.

ఇక వంతెన. గోదావరి పాయ వైనతేయ మీద వంతెన ఎక్కేముందు రోడ్డు కాస్త పైకి లేస్తుంది, చెట్లు తప్పుకుంటాయి, ఎప్పుడు వెళ్ళినా ఆమెకి అక్కడ ప్రాణం లేచొచ్చేది. ఇవాళ చెట్లు తప్పుకుంటుంటే ఒంటిమీది బట్ట లాగేసినట్టుంది. ఎడమ పక్కనుంచి సముద్రపు గాలి వచ్చి జీపు టార్పాలిన్ని చెళ్ళున కొట్టింది. అవతలి గట్టు పాసర్లపూడి. కాలేజీ రోజుల్లో అక్కడ గ్యాస్ బావి అంటుకున్నప్పుడు రెండు నెలలు రాత్రి చీకటి పడలేదు, అమలాపురంలో వాళ్ళ డాబా మీద ఎర్రటి వెలుగులో జడలేసుకునేవారు ఆడపిల్లలు. అలవాటైపోయింది. భయం అలవాటవుతుందని అప్పుడు తెలిసింది. ఆ మంట వైపు చూడటం మానేసి పరీక్షలకి చదువుకున్నారు. ఈ గంట భయం మాత్రం ఎందుకు అలవాటు కాదు, ముక్కు వచ్చిన ప్రతిసారీ ఎందుకు కొత్తగానే గుండె ఆగుతుంది, నిప్పుకన్నా పడవ ఎక్కువా, లేక ఆ మంట తను వెలిగించలేదు గనుక చదువుకోగలిగిందా. కింద నీళ్ళు కనిపించాయి. పిట్టగోడ జీపు తలుపంత ఎత్తు కూడా లేదు. ముక్కు వచ్చింది. వెళ్ళలేదు. అక్కడే ఉండి, ఇంకా వచ్చింది, బోటు పొడుగంతా అద్దంలోకి వచ్చింది, పిట్టగోడకి జానెడు దూరంలోకి, అప్పుడు తాడు లాగినట్టు అవతలికి విసురుగా పోయింది. దానితోపాటు ఇల్లుబండి నడుం తిప్పింది. జీపు తోకని ఎవరో పట్టుకుని పక్కకి ఈడ్చారు. ఎదురుగా పెద్ద బస్సు.

శ్యామ్ బాబు కాలు బ్రేకు మీదికి లేవడం ఆమె చూసింది. చెప్పు ఆకుపచ్చది, మడమ దగ్గర అరిగినది, గాల్లోకి లేచింది. “బ్రేకు తొక్కకండి.” ఎవరి గొంతో అది. చుట్టాలు భోజనానికి కూచున్నాక వడ్డించేటప్పుడు వచ్చే గొంతు, కొంచెం అన్నం వెయ్యనా అన్నయ్యగారూ అనే గొంతు. “ఆ కాలు తీసెయ్యండి. రెండో కాలు కూడా తీసెయ్యండి. చక్రం తిప్పకండి, నిటారుగా పట్టుకోండి, అంతే.” పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన ఎందుకని అడక్కుండా చేశాడు. బస్సు రొద చేసుకుంటూ పక్కనుంచి పోయింది, దాని గాలి వచ్చి మూడింటినీ ఒక్క చరుపు చరిచింది. బోటు కుడికి వెళ్ళింది. ఎడమకి వచ్చింది. ఎక్కడో వెనక, ఇల్లుబండిలో, ధబ్బుమని చప్పుడైంది. ఒక్కటే చప్పుడు. బరువైనది, మెత్తనిది. బోటు మళ్ళీ కుడికి, ఈసారి కాస్త తక్కువ, మళ్ళీ ఎడమకి, ఇంకాస్త తక్కువ, ముక్కు తొంగిచూసి, సగం చూసి, దాక్కుంది. జీపు నడకలోకి వచ్చింది. కీర్తన ఆగిపోయింది. ఆ చప్పుడు ఇద్దరూ విన్నారు. అది ఇల్లుబండి అటకమీద పెట్టిన జంతికల డబ్బా అయి ఉండాలి. జంతికల డబ్బా అయితే దొర్లాలి. దొర్లలేదు. ప్రభువా అది జంతికల డబ్బా అయితే ఆవిడ ముందు సీట్లో కూచుని గేదె గేదెకీ పేరుపెట్టి పిలిచినా నేను నోరెత్తను, కిటికీ ఎత్తుతాను, దించుతాను, మళ్ళీ ఎత్తుతాను. వంతెన అయిపోవడంలేదు. ఈ వంతెన ఇంత పొడుగని ఎవరూ చెప్పలేదు.

దిగువన మూసేసిన టీ బడ్డీ పక్కన వెడల్పు చోటు చూసి శ్యామ్ బాబు బండి దానంతటదే ఆగేదాకా వదిలేశాడు. ఆమె దిగి పరిగెత్తింది. తాడు ముడి బిగుసుకుపోయి ఉంది. “అత్తయ్యగారూ.” జవాబు లేదు. గోళ్ళు పెట్టింది, పిన్నీసు పెట్టింది, పళ్ళతో కొరికింది, నైలాను పెదవి కోసింది. “అత్తయ్యగారండీ!” ఆయన వచ్చి పక్కన నిలబడి, ముడి ముట్టుకోకుండా, ముడికి చెప్తున్నట్టు చెప్పాడు.

“ట్రాన్స్‌పోర్టాఫీసులో అడిగేను పుష్పా. బండి వెనక ఒక్కటే కట్టమన్నాడు. అందులో మనుషులుండకూడదన్నాడు.”

“మరి?”

“చెబితే నువ్వు రానంటావని.”

ఆమె ఆయన మొహంలోకి చూసి, కొరకడం ఆపకుండానే చూసి, ముడి ఊడబెరికింది. తలుపు లాగితే లోపలంతా చీకటిగా కనిపించింది, ఎండలోంచి చూడటం వల్ల. మంచం మీద ఎవరూ లేరు. పరుపు కూడా లేదు. పరుపు నేలమీద ఉంది, పరుపు మధ్యలో దీవెనమ్మ చతికిలబడి, వీపు బీరువాకి ఆనించి, కాళ్ళు ఎదురు గోడకి తన్నిపెట్టి, తలచుట్టూ దిండు పెట్టుకుని, దాన్ని గడ్డం కింద కొంగుతో ముడేసుకుని, ఒక చేత్తో చెప్పు పట్టుకుని ఉంది.

“మీరు బతికే ఉన్నారా ఇద్దరూ?” అంది ఆవిడ.

పుష్పలత గడప మీద కూలబడింది. “దెబ్బ తగిలిందాండీ?”

“పరుపు లాక్కుని దిగేను కింద. మంచం మీదుంటే గోడకేసి కొడతాదని. చక్రాలాగేదాకా చెప్పెట్టి బాదేను, ఒక్కరికీ చెవులుంటేనా. నా చెవులు చూస్తే దిండులో ఉన్నాయి. వొరే శ్యామూ, ఇట్రా.” ఆయన వచ్చాడు. “ఆ తాళాలు పిల్లకియ్యి.”

“తనకి లైసెన్సు లేదమ్మా.”

“నీకుండబట్టేగా ఇదంతా?”

ఆయన తలొంచుకుని జీపు తాళాలు పెళ్ళాం చేతిలో పెట్టాడు. దీవెనమ్మ దిండు విప్పుకోకుండానే కోడలి మణికట్టు పట్టుకుంది. పట్టు చూస్తే నూతిలో జారినవాళ్ళ పట్టులా ఉంది.

“నేనే పడుకోమన్నానండీ” అంది పుష్పలత. అనకపోతే అది లోపలే ఉండిపోతుంది.

“నువ్వు నన్ను వదిలించుకుంటున్నావని తెలుసులే. చుట్టాలకి కూడా బయటికి తియ్యని దుప్పటి పరిచేవు. నేనెందుకెక్కేననుకున్నావ్? వాడి పక్కన కూచుని ఆ రోడ్డు చూళ్ళేక. కళ్ళు మూసుకు పడుకుంటే భయముండదు కదా అని.” ఆవిడ నీళ్ళడిగి, తాగి, మూత పెట్టింది. “కనపడకపోతేనే ఎక్కువమ్మా.”

బోటు అక్కడే విప్పాలనుకున్నారు. ఎవరూ వాదించలేదు. శ్యామ్ బాబు కొక్కెం మీది పిన్ను ఇలా లాగాడో లేదో, ట్రైలర్ ముందు భాగం ఆయన గడ్డాన్ని అంగుళంలో తప్పించుకుని లేచిపోయింది. వెనక భాగం ధడేలుమని నేలకి కూలబడి, బోటు ముక్కు ఆకాశంలోకి చూసింది. బస్తా ఒకటి పగిలి కాయలు రోడ్డు వారకి దొర్లాయి. ముగ్గురూ ఆ ఎత్తిన ముక్కుని చూశారు. ప్రభాకరరావు అన్నయ్యగారు కోరుకున్నట్టే లేచింది. ఆ చిన్న పిన్నుకి వంతెన మీద అంతసేపూ పైకి లాగే ఇంత బలం తగులుతూనే ఉంది, ఊడలేదు, అంతే తేడా. బతికింది ఎవరి వల్లా కాదు, ఎవరి తెలివితోనూ కాదు. శ్యామ్ బాబు అక్కడే రోడ్డు మీద, ప్యాంటు మాసిపోతుందని చూసుకోకుండా కూచున్నాడు.

తర్వాత బస్తాలు దింపారు. బోటు ముక్కు దింపుకుంది, ట్రైలర్ కింద రాళ్ళు పెట్టారు. ఒక్క ఇల్లుబండితో, ఖాళీగా, ఆయన వెళ్ళి దాన్ని దిండిలో వదిలి, ఉత్త జీపుతో బోటుకి రావాలి. రెండు ప్రయాణాలు. మొదట్నుంచీ రెండే ప్రయాణాలు. దీవెనమ్మ ఇవాళ ఇంక చక్రాలున్నదేదీ ఎక్కనంది. తాళాలు తిరిగి ఆయన చేతిలో పెట్టేటప్పుడు పుష్పలత, “మెల్లిగా వెళ్ళండి” అనబోయి అనలేదు, ఆయన మొహం చూస్తే ఆ మాట చాలా ఏళ్ళపాటు అక్కర్లేదనిపించింది. జీపు కదిలింది. ఇల్లుబండి వెనకాలే, బుద్ధిగా, ఎటూ తొంగిచూడకుండా వెళ్ళింది. మలుపు తిరిగేదాకా ఇద్దరు ఆడవాళ్ళూ చూశారు. తిరిగాక చెవులు రిక్కించి విన్నారు.

నీడ ఎక్కడా లేదు, కూచోడానికి బోటులో బల్ల తప్ప ఏమీ లేదు. కొబ్బరి బస్తాల మీంచి ఒకరినొకరు లాక్కుని ఎక్కి, పక్కపక్కన కూచున్నారు, తలమీద ఒకే కొంగు కప్పుకుని. ఒక ఆటో వేగం తగ్గించింది. “ఏమ్మా, వరదొచ్చిందా?” అన్నాడు అందులోవాడు.

“ఇంకా రాలేదు బాబూ. చోటు దొరకదని ముందే కూచున్నాం” అంది దీవెనమ్మ.

ఆటో నవ్వుకుంటూ పోయింది. రోడ్డు నిశ్శబ్దమైంది. గాలి అంతే ఉంది, కానీ ఇప్పుడు దానికి పట్టుకుని ఊపడానికి ఏమీ దొరకడంలేదు. ఇప్పుడు, ఇంతసేపూ ఎక్కడుందో తెలియని వణుకు, మోకాళ్ళలోంచి మొదలై తొడల్లోకి, పొట్టలోకి, భుజాల్లోకి పాకింది. పుష్పలత రెండు చేతులూ ఒళ్ళో పెట్టి అదిమింది. బల్ల కిర్రుమంది. కింద ఇనప ఊచలు టకటకలాడాయి.

“అమ్మాయ్” అంది దీవెనమ్మ, మణికట్టు వదలకుండా. “బోటు ఊగుతోంది.”

“బోటు కాదండీ. నేను.”

ఆవిడ వంగి చక్రాల కింద రాళ్ళు చూసింది. సర్దుకుని కూచుని, కాసేపు ఆ ఊపుని పరీక్షగా గమనించింది.

“సగం నాది” అంది.